ఎన్ని అణాల క్షమాపణ

మా తాలూకాలో ఫోను చేతిలో ఉన్న ప్రతి మనిషికీ వారానికి ఒకసారైనా ఎవరో ఒకరు క్షమాపణ చెబుతారు. కరెంటు పోతే ఫోనుకు సందేశం వస్తుంది. బ్యాంకు మిషను పనిచేయకపోతే దాని మీద చీటీ అతికిస్తారు. పావగడ బస్సు రాకపోతే స్టాండులో మైకులో చెబుతారు. కన్నడంలోనైనా తెలుగులోనైనా మాట ఒక్కటే: కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. చాలామంది దాన్ని పట్టించుకోరు. నేను పట్టించుకుంటాను. చదివి లెక్క కడతాను.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. లెక్కలు మాత్రం నన్ను మానలేదు. పొలం కొలవడం, అన్నదమ్ములు వేరుపడేటప్పుడు వంకర చేనును సమంగా పంచడం, చెట్టు పీకి చూసి ఎకరాకు ఎంత చెనక్కాయ దిగుతుందో అంచనా కట్టడం, ఇవన్నీ చూసి చూసి పట్టుబడ్డవే. దాంతో ఊళ్లో ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికి తేవడం అలవాటైంది. తిరుమణి చుట్టూ సోలార్ ప్లేట్లు వచ్చాక కాగితాలు పెరిగాయి. వాటితోపాటు క్షమాపణలూ పెరిగాయి.

మా నాన్న కాలంలో పంటను అణాల్లో చెప్పేవారు. నిండు పంట పదహారణాలు. వాన వెనకబడితే "ఈయేడు ఆరణాల పంట" అనేవారు. ఆ ఒక్క మాటతో ఇంట్లో అందరికీ ఆ ఏడాది ఎలా గడుస్తుందో తెలిసిపోయేది. అణాలు పోయి ఎంతకాలమైనా నా బుర్రలో ఆ కొలత ఉండిపోయింది. క్షమాపణల్ని కూడా అలాగే తూచేవాణ్ణి. పోయినదేమిటో పేరు పెట్టి చెప్పారా? కొన్ని అణాలు. చేసింది తామేనని ఒప్పుకున్నారా? మరికొన్ని. ఇకపై ఏం చేస్తారో చెప్పారా? ఇంకొన్ని. "ఎవరి మనసైనా నొచ్చి ఉంటే" అని మెలిక పెట్టారా, ఇచ్చినవాటిలోంచి కోత.

టీవీలో ఏ పెద్దమనిషో చేతులు జోడించి మాట్లాడుతుంటే మా అక్క వంటింట్లోంచే అడిగేది.

"ఎన్నణాలప్పా?"

"మూడు."

"పాపం, గడ్డం కూడా గీసుకోకుండా వచ్చినాడు కదరా. ఇంకో అణా వెయ్యి."

ఆ అక్కకే ఒక క్షమాపణ రావలసి వచ్చింది.

అక్క నాకంటే చాలా పెద్దది. అమ్మ చేను పనికి పోతే నన్ను చంకన వేసుకుని తిరిగింది ఆమే. పెళ్లయి అత్తారింటికి పోయింది కూడా మా ఊళ్లోనే. బావ పోయాక, పిల్లలు లేరు కాబట్టి, మా ఇంటిని ఆనుకుని చిన్న ఇల్లు వేసుకుంది. రెండిళ్లకూ మధ్య గోడ ఒక్కటే. ఆమె చేను కూడా సోలారుకు లీజుకు పోయిన చేలల్లో ఒకటి. ఇచ్చేటప్పుడు ఆమె అడిగింది ఒక్కటే. బాట పక్కనున్న రాతి తొట్టిని కంచెకు బయట వదిలేయాలని. వదిలేశారు.

ఆ తొట్టిని బావ నిడుగల్లు వైపు రాళ్లు కొట్టేవాళ్లతో చేయించి బండి మీద తెచ్చాడు. మొత్తం ఒకే రాయి. నాగలమడిక వైపు నుంచి మేతకు పోయే గొర్రెల మందలు దాని దగ్గర ఆగి నీళ్లు తాగేవి. ఒక చివర అంచును జానెడు తక్కువగా చెక్కించాడు, గొర్రెపిల్లల మూతికి అందాలని. రాళ్లు కొట్టేవాళ్లు దాన్ని చూసి నవ్వారట, తొట్టికి పెదవి వేలాడినట్టు ఉందని. అక్క పొద్దున్నే పైపు పెట్టి తొట్టి నింపేది. చేను ప్లేట్ల కిందికి పోయాక దున్నేది లేదు, విత్తేది లేదు, కలుపు తీసేది లేదు. ఆమెకు మిగిలిన సేద్యం ఆ తొట్టి నింపడమే.

ఒక ఎండాకాలం కంచె వెంబడి కేబుల్ కాలువ తవ్వుతూ కాంట్రాక్టరు జేసీబీ దాన్ని విరగ్గొట్టింది. ఆ ముక్కల్ని పక్కకు నెట్టి, కాలువ తవ్వుకుంటూ ముందుకు పోయారు. అక్క నీళ్లు పెట్టడానికి పోయేసరికి తొట్టి ఉన్నచోట లోతు కాలువ, దాని గట్టున రాతి ముక్కలు.

ఆమె అరవలేదు. ఇంటికొచ్చి గొడుగు, చెంబు, గోనెపట్టా తీసుకుని మళ్లీ పోయి ఆ గట్టు మీద కూర్చుంది. కేబుల్ వేసి మట్టి పూడ్చడానికి వచ్చినవాళ్లతో, "ఈడ పూడ్చాకండి. ఏం చేసినారో సరిగ్గా చెప్పి, అప్పుడు పూడ్చండి" అంది.

"కొత్త తొట్టి కట్టిస్తాం లేమ్మా" అన్నారు వాళ్లు.

"తొట్టి సంగతి తర్వాతప్పా. ముందు చెప్పండి."

వాళ్లు మిగతా కాలువంతా పూడ్చి ఆమె ముందున్న భాగాన్ని వదిలేసి పోయారు. అక్క రోజూ వంట చేసుకుని పోయి అక్కడ కూర్చునేది. కాలువ తెరిచి ఉన్నంతవరకూ నీళ్ల పైపును అటు దాటించే దారి లేదు. కాబట్టి కొత్త తొట్టి కట్టే దారీ లేదు. ఇది ఆమెకూ తెలుసు.

మొదటి క్షమాపణ పంచాయితి ఆఫీసు గోడ మీద వచ్చింది. కన్నడంలో, కంపెనీ ముద్రతో. నేను దాన్ని చదువుకుని వచ్చి అక్కకు తెలుగులో చెప్పాను. అభివృద్ధి పనుల సందర్భంలో ఒక స్థానిక నిర్మాణానికి అనుకోకుండా హాని కలిగినట్లు మా దృష్టికి వచ్చింది. ఎవరికైనా అసౌకర్యం కలిగి ఉంటే విచారిస్తున్నాము. గ్రామస్థులతో మా అనుబంధానికి ఎంతో విలువ ఇస్తాము.

"స్థానిక నిర్మాణం అంటే ఏంది?" అంది అక్క.

"తొట్టి."

"తొట్టిని తొట్టి అంటే నోరు నొప్పి పుడతాదా వాళ్లకి? సరే, పగలగొట్టింది ఎవరంట?"

"ఎవరూ పగలగొట్టలేదక్కా. హాని కలిగింది. వాళ్ల దృష్టికి వచ్చింది."

"అదే నడుచుకుంటా వచ్చిందా?"

"అట్లే రాసినారు."

"ఎన్నణాలు?"

"రెండు."

"ఆ రెండు మాత్రం దేనికి?"

"కాగితాన్ని వంకర లేకుండా అతికించినారు."

ఆమె నవ్వింది. కొంగుతో ముఖం తుడుచుకుని, "నిన్న మొన్న పోయిన మనిషి కాదు కదరా మీ బావ. ఎప్పుడో పోయినాడు. అయినా రోజూ పొద్దున ఆయన పని ఒకటి నా చేత చేయించుకుంటా ఉన్నాడు" అంది. ఆ మాటకు కొలత లేదు.

తర్వాత కంపెనీవాళ్లే ఇంటికి వచ్చారు. ఇద్దరు మగవాళ్లు, ఊళ్ల సంగతులు చూసే అధికారిణి ఒకామె, ఫోటో తీసేవాడు ఒకడు. ఆ అధికారిణికి ముప్పై దాటి ఉంటాయి. మంగళూరు వైపు మనిషి. శాలువా తెచ్చారు, పండ్ల బుట్ట తెచ్చారు, మిఠాయి పెట్టె తెచ్చారు. అక్కను కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పి ఫోటో తీసుకున్నారు. అక్క లేచి లోపలికి పోయి లోటాల్లో మజ్జిగ పోసుకొచ్చింది.

"అయ్యో, మీకెందుకమ్మా శ్రమ. ఇప్పుడే తాగి వచ్చాం" అంది ఆ అధికారిణి కన్నడంలో, చేతిలోని నీళ్ల బాటిల్ చూపిస్తూ. మగవాళ్లూ చేయి అడ్డం పెట్టారు. మర్యాదకే అన్నారు, ముసలామెను కష్టపెట్టకూడదని. నేను చూస్తూనే ఉన్నాను, అక్క ముఖం ముడుచుకుపోయింది. వాళ్లు పోయాక మజ్జిగ కరివేపాకు చెట్టు మొదట్లో పోసేసింది.

మా వైపు రెండిళ్ల మధ్య మాటలు పోతే, వాటిని తిరిగి కలుపుకునే పద్ధతి ఒకటి ఉంది. తప్పు ఎవరిదో వాళ్లు అవతలి ఇంటికి పోయి, గడప బయట నిలబడి, ఆకలిగా ఉందని అడిగి తినాలి. పిలిస్తే పోయి తినేది విందు. ఇది అది కాదు. అడిగినవాడు తగ్గాలి, పెట్టినవాళ్ల చేయి పైనుండాలి. తిన్నాక ఇక ఆ తప్పు మాట ఎవరూ ఎత్తరు.

నా చిన్నప్పుడు మా ఎద్దులు పక్క చేనులో పడి పిందెల మీదున్న చెనక్కాయను తొక్కేశాయి. నాన్న తప్పు ఒప్పుకోకపోగా, కంప ఎందుకు వేసుకోలేదని వాళ్లనే తిట్టాడు. పంట ఇంటికి వచ్చేదాకా రెండిళ్లకూ మాటల్లేవు. ఒకరోజు మధ్యాహ్నం నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి పోయాడు. గడప ముందు తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకుని, "వదినా, ఆకలైతాంది" అన్నాడు. ఆమె చేటలో రాగులు చెరుగుతూ తల ఎత్తలేదు. ఆయన అలాగే నిలబడ్డాడు. చెరగడం అయ్యాక, "చేతులు కడుక్కోపో" అంది. నాన్న ఎప్పుడూ ఒక ముద్దకు మించి తినే మనిషి కాదు. ఆ రోజు ఆమె రెండో ముద్ద వేసినా వద్దనలేదు. బయటికొచ్చాక నేను "నాయనా, నువ్వు ఇంట్లో తిన్నావు కదా" అంటే, నోరు మూసుకోమని నెత్తి మీద ఒకటి మొట్టాడు.

కంపెనీవాళ్లు ఇవ్వడానికే వచ్చారు. ఒక్క గుక్క కూడా పుచ్చుకోలేదు. వాళ్ల ఊళ్లలో అదే మర్యాద కావచ్చు. మా అక్క లెక్కలో మాత్రం వాళ్లు గడప దాకా వచ్చి, ఇదిగో తప్పూ మాదే, చేయీ మాదే పైన అని చెప్పి పోయినట్టయింది.

కంపెనీకీ ఊరికీ మధ్య తిరిగే ఉద్యోగి ఒకడు మా ఊరివాడే, వరసకు నాకు తమ్ముడు. రెండు రోజులకు మోటారుసైకిలు మీద వచ్చి నా ముందు కూర్చున్నాడు.

"అన్నా, పైనుంచి నన్ను నిలవనీయకుండా అడుగుతాండారు. అక్కకు ఎట్ల చెబితే సరిపోతాదో నువ్వే రాసిచ్చేయ్. టైపు చేయించి, సంతకం పెట్టించి తెస్తా."

"నేను రాసేదేంది? చేసినవాళ్లు రాయల్ల."

"చేసినవాళ్లకు రాసేది వస్తే పంచాయితి గోడ మీద అట్లాంటిది వస్తాదా?"

అది నిజమే అనిపించింది. సరే, చేసింది ఎవరో చెప్పమన్నాను. మిషను నడిపినవాడు బీహారు మనిషి, గీత గీసినచోట తవ్వాడు. గీత గీసిన సూపర్వైజరు పటం చూసి గీశాడు. పటంలో తొట్టి లేదు. పటం బెంగళూరులో గీశారు. గీసినవాళ్లకు కొలతలు ఇంకెవరో ఇచ్చారు. నేను మనసులోనే తప్పును అన్నదమ్ములకు చేను పంచినట్టు పంచి చూశాను. డ్రైవరుకు ఇంత, సూపర్వైజరుకు ఇంత, పటం గీసినవాళ్లకు ఇంత. ఎన్ని రకాలుగా పంచినా నాలుగైదు అణాల తప్పు మిగిలిపోతూనే ఉంది, తీసుకునే మనిషి లేకుండా. పెద్ద పెద్ద ప్రకటనల్లో చింతించేది ఆ మిగిలిపోయిన తప్పేనేమో. అందుకే వాటిలో మనిషి గొంతు వినపడదు.

అయినా రాశాను. మీ ఆయన చేయించి తెచ్చిన రాతి తొట్టిని మా మిషను విరగ్గొట్టింది. తవ్వే ముందు మేము వచ్చి చూడవలసింది, చూడలేదు. విరిగాక ఆగి మీకు చెప్పవలసింది, ఆగలేదు. గొర్రెలకు నీళ్లు లేకుండా చేశాము. ఇకపై కంచె బయట తవ్వేముందు ఆ చేనువాళ్లను పిలిచి అడుగుతాము. ఇంతే. ఒక్క "ఉంటే" లేదు, ఒక్క "అనుకోకుండా" లేదు. నా కొలతలో నిండు పదహారణాలు. రెండు రోజుల్లో అది కంపెనీ కాగితం మీద, పెద్ద అధికారి సంతకంతో వచ్చింది. కాలువ గట్టు మీద అక్క పక్కన కూర్చుని చదివాను.

ఆమె చివరిదాకా విని, "బాగుండాది" అంది. కాగితం నా చేతిలోంచి తీసుకుని, "రాసింది నువ్వే కదా?" అంది.

"నేనే."

"నువ్వేం పగలగొట్టినావప్పా?"

"సంతకం వాళ్లదే అక్కా. చదువుకునే పెట్టినారు."

"నాకు తప్పు చెప్పుకునేదానికి నా తమ్ముణ్ణే కూలికి పెట్టుకున్నారే."

"కూలేమీ ఇయ్యలేదు లే."

"అదింకా ఘోరం" అంది అక్క. కాగితాన్ని జాగ్రత్తగా మడిచి నాకే ఇచ్చేసింది. "నీ మాటలు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు నాయనా. ఇవి నీ నోట్లోంచి వచ్చినట్టే ఉండాయి. వాళ్ల నోరు యాడుందో నాకింకా కనపడలా."

నాకు కోపం వచ్చింది, దాచుకున్నాను. లెక్క సరిగ్గా ఉంది కదా, జవాబు ఎందుకు తప్పుతోంది అనిపించింది. బావి లోతు, చేను వైశాల్యం, దేన్నైనా కొలిచాక అది నాతో వాదించదు.

ఆ సాయంత్రమే నాగలమడిక వైపు మంద వచ్చింది. కాపరి బావకు పాత స్నేహితుడు. ఎండకు గొర్రెలు తలలు ఒకదాని కడుపు కింద ఒకటి దూర్చుకుని నిలబడ్డాయి. పిల్లలు విరిగిన ముక్క దగ్గరికి పోయి మూతులు పెట్టి చూశాయి. కాపరి అక్క ముందుకు వచ్చి కర్ర మీద గడ్డం ఆనించాడు.

"వదినా, నీ కోపం కంపెనీ మీదనా, నా గొర్రెల మీదనా?"

"గొర్రెల మీద కోపమేందప్పా?"

"మరి బాట మార్చుకుని అంత దూరం చుట్టి నీళ్లు తాపుకొస్తాండా. క్షమాపణ అంట. నువ్వు అది వచ్చేదాకా లేయవంట. వస్తే దాంట్లోంచి మాకూ ఇంత పొయ్, గొర్రెలు తాగుతాయేమో చూద్దాం."

అక్క చెంబులో మిగిలిన నీళ్లు అరచేతిలో పోసుకుని దగ్గరున్న పిల్లకు పట్టింది. అది ఆ నీళ్లు నాకి, ఇంకా కావాలని ఆమె చేతిని మూతితో పొడిచింది. మంద పోయాక, గొడుగు ముడుస్తూ, "రేపు లేచేస్తానప్పా" అంది. "గోడ మీద రెండణాలది ఉండాది కదా, అదే తీసుకుంటా. గొర్రెలేం పాపం చేసినాయి?"

ఇంటిదాకా ఆమె వెనకాలే నడిచాను. నా చేతిలో ఫోను ఉంది. తమ్ముడికి ఒక్క మాట చెబితే చాలు: ఆ మేడమ్‌ను వచ్చి గడప దగ్గర ఆకలని అడగమను, పని అయిపోతుంది. నెంబరు తీశాను, మళ్లీ పెట్టేశాను. కాగితం నేను రాస్తేనే నాదైపోయింది. ఇది కూడా నేనే చెప్పిస్తే, అడిగేది ఆమె నోరైనా ఆకలి నాదే అవుతుంది. అలా అని చెప్పకపోతే, మా అక్క రేపు రెండణాలకు లేచిపోతుంది.

మర్నాడు పొద్దున అక్క గట్టు మీదికి చివరిసారి పోయింది. నేనూ పోయాను. మేము గోనెపట్టా దులుపుతుంటే ఆ అధికారిణి బాట మీద నడిచి వస్తూ కనిపించింది. జీపు రోడ్డు మీదే వదిలేసింది. వెంట ఎవరూ లేరు. వచ్చి, ఎక్కడ కూర్చోవాలో తెలియక, మట్టి మీదే కూర్చుంది.

"ఈ రోజు కూడా పూడ్చనివ్వకపోతే, పనికి అడ్డం పడుతున్నారని తాలూకాఫీసుకు రాయమని పైవాళ్లు చెప్పారమ్మా" అంది. "నాకు రాయడం ఇష్టం లేదు. అది చెబుదామని వచ్చాను."

అక్కకు కన్నడం బాగా వచ్చు. అయినా లేచేస్తున్నానని చెప్పలేదు. ఆ అమ్మాయి చూపు పక్కనున్న రాతి ముక్క మీద పడింది. దాని అంచు మీద చేయి వేసింది.

"ఇటు వైపు ఎందుకు తక్కువగా ఉంది?"

"పిల్లలకు" అంది అక్క. "పెద్దవి అటు తాగుతాయి. పిల్లలు ఈడ."

అమ్మాయి చేయి అక్కడే ఉండిపోయింది. మాతో కాకుండా ఆ రాయితో అన్నట్టు, చిన్న గొంతుతో మాట్లాడింది. "తవ్వకముందు ఈ దారంతా చూసి సరే అని రాసింది నేనే. జీపులోంచే చూశాను. ఎండగా ఉందని దిగలేదు. దిగి ఉంటే కనిపించేది." తర్వాత ఏం చేయాలో ఆమెకు తెలియలేదు. చేతులు జోడించబోయి, ఎందుకో దించేసింది. బ్యాగులోంచి నీళ్ల బాటిల్ తీసి, తాగకుండా మళ్లీ లోపల పెట్టింది.

అక్క నా వైపు చూసి తెలుగులో అంది. "పాపం, ఈ అమ్మికి ఏం చెయ్యల్లో తెలీదురా. చెబుదామా?"

"చెప్పి చేయిస్తే అది నిజమెట్లయితాది అక్కా?" అన్నాను. రాత్రంతా నన్ను తిప్పలు పెట్టిన మాట అదే.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఏం, నువ్వు కడుపులోనుంచే అన్నీ నేర్చుకుని పడినావా? కాలు తగిలితే తాకి కళ్లకద్దుకోవల్లని నీకు చెప్పింది ఎవరు? మెడ పట్టుకుని నేను వంచితే కదా వంగినావు. అప్పటినుంచీ పెట్టిన దండాలన్నీ అబద్ధమేనా?"

నేను గోనెపట్టా మడత పెట్టసాగాను.

అక్క ఆమె వైపు తిరిగి కన్నడంలో, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. "చూడమ్మా. మా పక్క తప్పు చేసినవాళ్లు వచ్చి అన్నం అడుగుతారు. అడిగితే మేము పెడతాం. పెట్టినామంటే అయిపోయినట్టు. నీకు ఇష్టమైతేనే అడుగు. ఊరికే అడగాకు."

"నేను టిఫిను..." అని మొదలుపెట్టి ఆమె ఆగిపోయింది. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఇక్కడే అడగాలా?"

"ఈడ కాదు. గడప దగ్గర. నేను ముందు పోతాండా, నువ్వు వెనకాల రా."

అక్క గబగబా నడిచింది. ఆమె వయసుకు ఆ నడక ఎక్కువే. మేము చేరేసరికి లోపలికి పోయి పొయ్యి దగ్గర నిలబడి ఉంది, మా వైపు వీపు పెట్టి. ఆ అమ్మాయి బూట్లు విప్పి గడప బయట నిలబడింది. మొదటిసారి "అమ్మా" అని ఆగిపోయింది. పక్కింటి కోడలు గోడ మీంచి తొంగిచూస్తోంది. రెండోసారి, "అమ్మా, హసివాగ్తిదె" అంది. ఆకలిగా ఉందని. చెప్పగానే ఆమె ముఖం ఎర్రబడింది. టిఫిను తిని వచ్చిన మనిషి, ఆకలి అనే మాటకు అంత సిగ్గుపడటం నేను చూడలేదు.

అక్క వెంటనే తిరగలేదు. గరిటె కడిగింది, గిన్నె బోర్లించింది. అప్పుడు, "చేతులు కడుక్కో" అంది.

రాగి సంగటి, చెనక్కాయలతో నూరిన ఊరుబిండి, ఆకు పప్పు. ఆ అమ్మాయి అన్నం తినే ఊరిది. సంగటి చిన్న ముక్క తీసి నోట్లో పెట్టుకుని నమలసాగింది. అది పళ్లకు అంటుకుని కదల్లేదు.

"నమలాకమ్మా, మింగు. పప్పులో అద్దుకుని మింగు."

మింగబోతే ఆమెకు పొలమారింది. అక్క నెత్తి మీద తట్టి నీళ్లు ఇచ్చింది. ఆ అమ్మాయి లోటా ఎత్తి గుక్క తిప్పుకోకుండా తాగింది. ఊరుబిండి కారానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. కారానికేనా, మరి దేనికైనానా అని చూడాలనిపించింది, చూడలేదు. ముద్ద సగం అయ్యాక అక్క ఇంకొకటి వేయబోతే చేయి అడ్డం పెట్టబోయి, ఎవరూ చెప్పకుండానే ఆ చేయి వెనక్కి తీసుకుంది.

"యా ఊరు మీది?" అని అక్క అడగడం అప్పుడే మొదలైంది. అమ్మ ఉందా, చేపలు రోజూ తింటారా, ఈ ఎండలో నీకెందుకమ్మా ఈ ఉద్యోగం. తొట్టి మాట ఒక్కసారి కూడా రాలేదు.

ఆ మధ్యాహ్నమే జేసీబీ వచ్చింది. బీహారు డ్రైవరు అక్కను చూసి దూరంగానే ఆపాడు. అక్క రమ్మని చేయి ఊపింది. అధికారిణి ఈసారి కూలీల మధ్యే నిలబడింది, తలకు చున్నీ కట్టుకుని. కాలువలో కొత్త పైపు వేశారు. మట్టి నింపే ముందు, విరిగిన ముక్కల్ని ఏం చేయాలని సూపర్వైజరు అడిగాడు. పెద్ద ముక్క, ఆ తగ్గిన అంచు ఉన్నది, ఇంకా నీళ్లు నిలిచేలాగే ఉంది. పక్కన మూడు వైపులా కడితే పిల్లలకు సరిపోతుంది.

"దీన్ని యాడ పెట్టల్లమ్మా?" అని అధికారిణి అడిగింది. తెలుగులోనే అడిగింది, మా మాటను పట్టుకుని.

అక్క బాట వైపు నడిచింది, నిలబడింది. ఎండ ఏ పక్క నుంచి వస్తుందో చూసింది. మళ్లీ వెనక్కి వచ్చి కంచె నీడ ఎంత దూరం పడుతుందో అడుగులేసి చూసింది. కూలీలు పారల మీద ఆనుకుని ఉన్నారు. సూపర్వైజరు గడియారం వైపు చూసి నోరు తెరవబోయాడు. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపి, డ్రైవరుకు చేత్తో సైగ చేసింది. అతను ఇంజను ఆపేశాడు. ఆ పెద్ద మిషను మా అక్క నిర్ణయించుకునేదాకా, చప్పుడు లేకుండా, ఎండలో అలాగే నిలబడి ఉంది.